పదమూడో తారీకు తిరగబడదు

కోపం చల్లారాక రాయమని మా ఇంట్లో వాళ్లు అన్నారు. చల్లారే కోపమైతే రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

మా చెల్లెలి బిడ్డ సిరిసిల్లలో ఉంటుంది. అల్లుడు మరమగ్గాల మీద పనిచేస్తాడు. సిరిసిల్లలో మరమగ్గం అనరు, సాంచె అంటారు. వాళ్ల ఇంటికి రెండు పక్కలా సాంచలే. ఆ మోతలో పుట్టి పెరిగిన పిల్లలు జగిత్యాలలో మా ఇంటికి వచ్చినా మొదటి రోజంతా అరిచే మాట్లాడతారు. ఇద్దరూ ఆడపిల్లలు. పెద్దది కోరుట్లలో ఒక ట్రస్టు వాళ్లు నడిపే హాస్టల్ బడిలో చదువుతోంది. ఆ బడిలో ఐదో తరగతిలోనే చేర్చుకుంటారు, మధ్యలో ఎవరినీ తీసుకోరు. పెద్దది సెలవులకు వచ్చి ఏం చెప్పిందో గానీ, చిన్నదానికి అప్పటినుంచి ఒకటే ధ్యాస.

“ఆడ ఏం సప్పుడుండదట అమ్మమ్మా. బల్లి అరిచినా ఇనవడ్తదట” అని నాతో కూడా చెప్పింది, అరుస్తూనే.

పిల్ల ప్రవేశ పరీక్ష రాసింది, పాసైంది. బట్టల కోసం రేకు పెట్టె కూడా కొన్నారు. తీరా జాబితా వచ్చేసరికి పేరు పక్కన ‘వయసు ఎక్కువ’ అని ఉంది.

వాళ్ల నిబంధన ప్రకారం ఫలానా సంవత్సరం సెప్టెంబర్ ఒకటిన గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. మా పిల్ల పుట్టింది ఆ సంవత్సరమే సెప్టెంబర్ ఐదున. ఈ తేదీ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాన్పు రోజు నేను ఆస్పత్రిలోనే ఉన్నాను. ఉపాధ్యాయ దినోత్సవం కాబట్టి బడిపిల్లలు చీరలు కట్టుకొని, పెద్దవాళ్ల కళ్లజోళ్లు పెట్టుకొని, చేతిలో బెత్తాలతో రోడ్డు మీద పోతున్నారు. నర్సు బయటికి వచ్చి “టీచరమ్మ పుట్టింది” అంది. పిల్లను ఇంట్లో అందరూ ఇప్పటికీ టీచరమ్మ అనే పిలుస్తారు.

అల్లుడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

“ఎట్ల ఎక్కువైతది? ఒకటో తారీకుకు ఇవతలనే ఉన్నది గద?”

“వాళ్ల కంప్యూటర్ల మే తొమ్మిది అని ఉన్నదత్తమ్మా.”

“మే తొమ్మిది ఎవల పిల్లది?”

“మన పిల్లదే.”

ఐదు, తొమ్మిది తారుమారయ్యాయని నాకు అప్పుడే అర్థమైంది. పోయి సరిచేయించమన్నాను. అల్లుడు, అప్పటికే పోయి వచ్చానని, ఒక పని చేసి వచ్చానని చెప్పాడు.

“సెప్టెంబర్ పదమూడు అని కొత్త దరఖాస్తు ఇచ్చిన. ఆపరేటరే చెప్పిండు, పదమూడో తారీకైతే తిరగబడదని.”

“ఆహా. మరి సీటు ఇచ్చిండ్రా?”

“లేదు. ఆధార్ల ఐదు, దరఖాస్తుల పదమూడు ఉన్నయని పక్కకు పెట్టిండ్రు. శనివారం దాకా టైం ఉన్నది. ఆధార్ల గూడ పదమూడు చేయించుకొని రమ్మన్నరు. చేయించుకొస్త. గింత దానికి ఎందుకు పరేషాన్?”

“పిల్ల పుట్టిన రోజును మారుస్తవా?”

“పుట్టిన తారీకుదేమున్నదత్తమ్మా? మా సాంచల కాడ అందరిది జులై ఒకటే. ఒక్క కేక్ కోస్తే అందరికి సరిపోతది.”

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతను చెప్పింది నిజం కాబట్టే రాలేదు. మా వైపు నా వయసు వాళ్లలో, నా తర్వాతి వాళ్లలో కూడా, కాగితం మీది పుట్టినరోజు ఒకటి, అసలుది ఒకటి. బడిలో వేసేటప్పుడు పంతులు అడుగుతాడు, తల్లి ఏదో పంట పేరో, వాన పేరో చెబుతుంది, ఆయన తనకు వీలైన తేదీ ఒకటి రాస్తాడు. నన్ను బడిలో వేసినప్పుడు మా అమ్మ “మక్కలు ఇరిచేటప్పుడు పుట్టింది” అంది. పంతులు జులై ఒకటి అని రాశాడు. జులైలో మక్కజొన్న కంకులు ఎవరు విరుస్తారు? అది విత్తనం వేసే కాలం. నన్ను ఎవరూ అడగలేదు. అడిగే వయసు వచ్చేసరికి అది అన్ని కాగితాల్లోకీ ఎక్కింది. నా అసలు తేదీ ఏమిటో చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు లేరు. తేదీల విషయంలో నా పట్టుదలకు ఇంట్లో అందరూ విసుక్కుంటారు. ఎక్కడ తేదీ వేసినా నెలను అక్షరాలతో రాస్తాను. ఇంట్లో ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో నన్నే అడుగుతారు.

అల్లుడిలాంటి వాళ్లకు కాగితం ఏం చెబితే అదే తల వంచుకొని ఒప్పుకోవడం అలవాటైంది. ఒకప్పుడు పంతులు చేసిన పనిని ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది. కానీ పంతులుకు తేదీ తెలియదు. దీనికి తెలుసు. చేతిలో పెట్టిన తేదీని తిరగేసింది.

ఇది ఎంత చిన్న పనో నాకు తెలుసు కాబట్టి నాకు ఇంత మండింది. జగిత్యాలలో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. లెక్కలు నేనే చూసేదాన్ని. దుకాణానికి మొదట కంప్యూటర్ వచ్చినప్పుడు దాని కామాలు దాని ఇష్టం. 1,25,000 అని రావాల్సిన చోట 125,000 అని అచ్చేసేది. పెగడపల్లి నుంచి వచ్చిన ఒక రైతు బిల్లును ఇటూ అటూ తిప్పి, “అమ్మా, గిది లక్ష పైననా, పది లక్షల పైననా? ముందుగాల గది చెప్పు, కూసుంట” అన్నాడు. దుకాణంలో అందరూ నవ్వారు గానీ, సాలుకు మొత్తం తీసేటప్పుడు నేను వేలు పెట్టి కుడివైపు నుంచి ఒకట్లు, పదులు అని లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. లక్షకు కామా ఎక్కడ పెట్టాలో చిన్న తరగతిలో నేర్చుకున్నాను. ముసలితనంలో మళ్లీ నేర్చుకోవాలా? కంప్యూటర్ అమ్మినవాడిని పిలిచి కూర్చోబెట్టాను. అతను సెట్టింగుల్లోకి పోయి, ప్రాంతం అన్న చోట అమెరికా అని ఉన్నదాన్ని ఇండియా అని మార్చాడు. అంతే. కామాలు వాటి చోటికి వచ్చాయి, తేదీలు కూడా తిన్నగా నిలబడ్డాయి. అతను నా చేతి చాయ్ తాగడానికి పట్టినంత సమయం కూడా ఆ పనికి పట్టలేదు.

శుక్రవారం నేను జగిత్యాల నుంచి, అల్లుడు వేములవాడ, కథలాపూర్ మీదుగా సిరిసిల్ల నుంచి కోరుట్ల చేరుకున్నాం. అతను బస్టాండులో పిల్ల పుట్టిన సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, దాన్ని చొక్కా లోపల దాచుకొని నిలబడి ఉన్నాడు.

“అత్తమ్మా, జర మెల్లగ మాట్లాడు. పెద్దపిల్ల గాడనే చదువుతున్నది.”

“నేనెప్పుడు గట్టిగ మాట్లాడిన?” అన్నాను. అతను చుట్టూ ఒకసారి చూసి, ముందు నడిచాడు.

ఆఫీసులో ఆపరేటర్ నలభై ఏళ్ల మనిషి. మమ్మల్ని చూడగానే, అడగకముందే ఒప్పుకున్నాడు.

“నాకు ఎరుకేనమ్మా. గీ మిషిన్ ముందుగాల నెల అనుకుంటది. ఐదు, తొమ్మిది అని కొడితే ఐదో నెల, తొమ్మిదో తారీకు అని రాసుకుంటది. తారీకు పదమూడు, పద్నాలుగు అనుకో, గన్ని నెలలు లేవు గద, ఎర్రగ చూపెట్టి ఒర్రుతది. అప్పుడు తిప్పి కొడ్త. పన్నెండు లోపైతే సప్పుడు చెయ్యకుంట మింగుతది.”

“మా పిల్లది గూడ తిప్పి కొట్టరాదు?”

“కొడితే లోపల మంచిగనే ఉంటది. కాగితం తీస్తే తొమ్మిది, ఐదు అని అస్తది. మా సార్ కాగితమే చూస్తడు. చూసి మళ్ల మే తొమ్మిదే అంటడు.”

“గందుకని పదమూడు వేసినవా?”

“మీ అల్లుడు సరే అన్నడమ్మా.”

అల్లుడు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

“ప్రాంతం ఇండియా అని పెడితే అయిపోతది గద? నీకు రాదా?”

“ఎందుకు రాదమ్మా? పోయినేడే పెడ్త అన్న. వద్దన్నరు.”

తెలియక చేస్తే నేర్పవచ్చు. తెలిసీ చేస్తున్నవాళ్లను ఏం చేయాలి? లోపలి గదిలో ఉన్న మేనేజర్ దగ్గరికి పోయాం. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

“కూసోండమ్మా. చాయ్ తాగుతరా?”

“తాగను. తారీకు సరిచెయ్యండి.”

“అది పైనుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మా. మేం ముట్టుకోవద్దు. మీరు ఆధార్ల పదమూడు చేయించుకుంటే మీ పని అయితది, మా పని అయితది. రేపటిదాకా టైం ఉన్నది గద.”

“మీ మిషిన్‌కు నెల ఏదో, తారీకు ఏదో తెలుస్తలేదని మా పిల్ల వారం లేటుగ పుట్టాల్నా?”

అల్లుడు నా కొంగు పట్టుకొని మెల్లగా లాగాడు. మేనేజర్‌కు నేను ఏదో తెలుగు అభిమానంతో వచ్చానని అనిపించినట్లుంది. తన కంప్యూటర్‌ను నా వైపు తిప్పి, మీటలు నొక్కి, “మా సాఫ్ట్‌వేర్ల తెలుగు గూడ ఉన్నదమ్మా, చూడండి” అన్నాడు. తెర మీద ఇంగ్లిష్ పోయి తెలుగు వచ్చింది. ‘జన్మదినాంకము’ అని ఉంది. మా ఇళ్లలో ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు. సరే, అదీ చదువుకుందాం. దాని ఎదురుగా మా పిల్లది అదే తప్పుడు తేదీ, ‘మే 9’ అని, అదే తిరగబడ్డ వరుసలో ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు కనీసం ఇది పరాయి యంత్రం అని అనుమానం వస్తుంది. తెలుగు తొడిగాక అది కూడా రాదు.

“పైన తెలుగు పెట్టి లోపల అమెరికా పెట్టుకున్నరు” అన్నాను. “అల్లుడూ, సర్టిఫికెట్ తియ్.”

అతను చొక్కా లోపలి నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. మేనేజర్ దాన్ని చూశాడు. మున్సిపాలిటీ ముద్ర, ఐదో తారీకు, సెప్టెంబర్, అక్షరాలతో సహా. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు.

“ఇది ఒక్కటి సరిచేస్తే అన్నీ చెయ్యాలమ్మా. లిస్టు బయట పెట్టినం. పిల్లలు చేరుతున్నరు.”

“అంటే ఇంక తప్పులున్నయని మీకు తెలుసు.”

ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు.

“అన్నీ చెయ్యండి. నేను బయట కూసుంట” అని లేచి వచ్చి ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. అల్లుడు గోడకు ఆనుకొని, “పెద్దదాన్ని గూడ పంపిస్తరేమో అత్తమ్మా” అన్నాడు. అతని గొంతులో నిజమైన భయం ఉంది. నాకు ఆ భయం మీద కూడా కోపం వచ్చింది. బిడ్డలను చదివిస్తున్నందుకు తండ్రి నోరు మూసుకొని ఉండాలన్నమాట.

లోపల మేనేజర్ ఎవరికో ఫోన్ చేశాడు, చాలాసేపు ‘సార్, సార్’ అన్నాడు. బయటికి వచ్చి ఆపరేటర్‌తో, “చెయ్యవయ్యా. ఏమన్న పాడైతే నీదే బాధ్యత” అన్నాడు. ఆపరేటర్ సెట్టింగులు తెరిచి ఇండియా అని పెట్టాడు. మేనేజర్ ఇంకా గుమ్మం దాటకముందే అయిపోయింది.

తర్వాతి పనికే సమయం పట్టింది. దరఖాస్తుల కట్టలు తెచ్చుకొని, పన్నెండు లోపు తారీకులవి విడిగా తీశాం. నేను నెల పేరుతో సహా చదివాను, అతను కొట్టాడు. అల్లుడు కాగితాలు అందించాడు. తిరగబడ్డవి చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటి వల్ల ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు. వయసు గీతను ఇటూ అటూ దాటినవి రెండే. ఒకటి మాది. రెండోది కథలాపూర్ దగ్గరి పిల్లది. ఆ పిల్ల పుట్టింది అదే సంవత్సరం ఆగస్టు పది. కంప్యూటర్ దాన్ని అక్టోబర్ ఎనిమిదిగా రాసుకుంది. మా పిల్లను ఏ తప్పు బయటికి నెట్టిందో, అదే తప్పు ఆ పిల్లకు సీటు ఇచ్చింది.

మేనేజర్ ఆ కాగితం చేతిలోకి తీసుకొని మొదటిసారి హుషారుగా మాట్లాడాడు.

“ఇప్పుడేం చేద్దామమ్మా? ఈ పిల్ల నిన్ననే చేరింది. తండ్రి దుబాయ్‌ల ఉన్నడు. తల్లి దింపి, ఏడ్చుకుంట పోయింది. మీరే చెప్పండి, తోలిద్దామా?”

ఆ రోజు మొత్తంలో నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం వచ్చింది అప్పుడే. తన తప్పును తెచ్చి నా ఒడిలో పెట్టి, ఒక పిల్లను నా చేత గెంటించాలని చూస్తున్నాడు.

“తప్పు చేసింది మీ మిషిన్. తోలిస్తే దాన్ని తోలియ్యండి. పిల్లలిద్దరు ఉంటరు.”

“మంచాలు లెక్క ప్రకారం ఉంటయమ్మా. ఒక్క మంచం గూడ ఖాళీ లేదు.”

నేను ఏదో అనబోతున్నాను. అప్పటిదాకా మేనేజర్‌తో ఒక్క మాట మాట్లాడని అల్లుడు గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చాడు.

“సార్, నా బిడ్డలిద్దరు ఒక్క మంచం మీద పంటరు సార్. ఇంట్ల గూడ గంతే. గా కథలాపూర్ పిల్లను ఏమనకుండ్రి.”

మేనేజర్ అతని వైపు చూసి, కాగితం బల్ల మీద పెట్టాడు. కొద్దిసేపటికి, “అక్కచెల్లెండ్లు కాబట్టి” అని గొణిగి సంతకం చేశాడు. పదమూడో తారీకు ఉన్న దరఖాస్తును నేను అడిగి తీసుకొని, అక్కడే నాలుగు ముక్కలు చేశాను.

బస్టాండుకు నడుస్తూ అల్లుడు, “మంచిగనే అయింది గద అత్తమ్మా, ఇంక ముఖం ఎందుకట్ల పెట్టినవ్?” అన్నాడు. మంచి ఎక్కడ అయింది? మాకు హక్కుగా రావాల్సిన సీటును అతను బతిమాలి తెచ్చుకున్నాడు. పిల్లలిద్దరూ ఒక మంచం మీద సర్దుకుంటున్నారు. మేనేజర్ దయ చూపిన మనిషి అయ్యాడు. ఈ మాటే అంటే, “నువ్వు జర చాయ్ తాగితే మంచిగుండు” అన్నాడు.

సెప్టెంబర్ ఐదున తీపి గరిజెలు డబ్బాలో పెట్టుకొని మళ్లీ కోరుట్ల పోయాను. చిన్నది తల్లి చీర కట్టుకొని, చేతిలో సుద్దముక్కతో వరండాలోనే ఎదురొచ్చింది. మెల్లగా మాట్లాడటం నేర్చుకుంది. నేనే రెండోసారి అడగాల్సి వచ్చింది. ఆ బడిలో ఎవరిదైనా పుట్టినరోజైతే కంప్యూటర్ నుంచి పేరు తీసి, ప్రార్థన హాలు ముందు బోర్డుకు అంటిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. నేను బోర్డు దగ్గరికి పోయి చూశాను. మా పిల్ల పేరు లేదు. ఏడో తరగతి పిల్ల పేరు ఒకటి ఉంది. ఆ పిల్లను పిలిచి అడిగాను.

“నువ్వు ఎప్పుడు పుట్టినవ్ బిడ్డా?”

“మే తొమ్మిది అమ్మమ్మా” అంది ఆ పిల్ల, చేతినిండా చాక్లెట్లతో.

అదే తొమ్మిది, అదే ఐదు, ఈసారి అటునుంచి ఇటు తిరగబడ్డాయి. నేను ఆఫీసు వైపు తిరిగేసరికి చిన్నది నా చేయి పట్టుకుంది.

“ఊకో అమ్మమ్మా. గీ అక్క పుట్టినరోజు ఎండకాలం సెలవులల్ల అస్తదట. బడిల ఎన్నడు చప్పట్లు కొట్టలేదట. ఇయ్యాల మస్తు ఖుషీగున్నది.”

“మరి నీకు?”

“మా అక్క పొద్దుగాల మంచం మీదనే చెప్పింది.”

ఇద్దరికీ గరిజెలు పెట్టాను. తిన్నంతసేపు అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత ఆఫీసుకు పోయాను. ఆపరేటర్ నన్ను గుమ్మంలో చూడగానే లేచి నిలబడ్డాడు.

“అమ్మా, గది వేరే కంప్యూటర్. పాత పిల్లలందరు దాంట్లనే ఉన్నరు. బోర్డు పేర్లు గూడ దాంట్లకెల్లే తీస్తం, కొత్త పిల్లలు ఇంక ఎక్కలే. దాన్ని ముట్టుకోవద్దన్నరు.”

“ఎక్కడున్నది?” అని, గోడ పక్కన ఉన్న కుర్చీని లాక్కున్నాను.